కిటికీ లేని తరగతి గదిలోకి వెలుతురు తేవడం ఎలా: కొలత నుంచి గోడ తెరిచే దాకా

మీ బడిలో చీకటి గది ఏదని అడిగితే పిల్లల దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరూ ఒకే గది చూపిస్తారు. అయినా ఏటా అందులో ఏదో ఒక తరగతి నడుస్తూనే ఉంటుంది. పొద్దున లైట్లు వేస్తారు, సాయంత్రం ఆపుతారు, మధ్యలో కరెంటు పోతే పుస్తకాలు మూసి కూర్చుంటారు. కిటికీలు అసలు లేని గది, కిటికీ ఉన్నా బీరువా అడ్డం పెట్టిన గది, ఒకవైపే కిటికీలుండి వెనక బెంచీలకు వెలుతురు అందని గది: ఈ మూడూ చూడటానికి ఒకేలా చీకటిగా ఉన్నా, చేయాల్సిన పని దేనికదే వేరు.

ఈ మార్గదర్శి టీచర్ల కోసం, బడి నడిపేవాళ్ల కోసం, తల్లిదండ్రుల కోసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గోడ పగలగొట్టే ఆలోచనకంటే ముందు, ఇప్పటికే వస్తున్న వెలుతురు ఎక్కడ పోతోందో పట్టుకోవాలి. ఎంత చేసినా పగటి వెలుతురు రాని గదిలో మాత్రం ఏ తరగతినీ రోజంతా కూర్చోబెట్టకూడదు.

ఇంత పట్టుబట్టడం ఎందుకు

బడి వెలుతురు గురించిన ఆందోళన పాతదే. 1867లో హెర్మన్ కోన్ అనే కంటి డాక్టరు బ్రెస్లావ్ నగరంలో (ఇప్పుడు పోలండ్‌లో ఉంది) 10,060 మంది బడిపిల్లల కళ్లు పరీక్షించి, పై తరగతులకు వెళ్లేకొద్దీ దగ్గరి చూపు, అంటే దూరంలో ఉన్నవి మసకగా కనిపించే లోపం, పెరుగుతోందని చూపించాడు. ఆ తర్వాత చాలా దేశాల్లో బడి కిటికీలను పెద్దవి చేశారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ట్యూబ్‌లైట్లు, ఏసీలు వచ్చాక కథ వెనక్కి తిరిగింది. 1960ల్లో, 1970ల్లో అమెరికాలో కిటికీలే లేని బడులు కట్టారు. బయటి చప్పుడు ఉండదని, అద్దాలు పగలవని, పిల్లల చూపు బయటికి పోదని, 1973 చమురు సంక్షోభం తర్వాతైతే కరెంటు ఆదా అవుతుందని కారణాలు చెప్పారు.

పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు, అది దాచడం మంచిది కాదు. 1965లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు కిటికీలు మూసేసిన తరగతులను పరిశీలిస్తే చదువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 1992లో స్వీడన్ పరిశోధకులు కుల్లర్, లిండ్‌స్టెన్ చదువు మార్కుల బదులు ఒంటినే చూశారు. సుమారు 90 మంది పిల్లలను ఏడాది పాటు గమనించి, పగటి వెలుతురు లేని గదుల్లో ఒత్తిడికి స్పందించే కార్టిసాల్ హార్మోన్ సహజమైన లయ తప్పే అవకాశం ఉందని, దాని ప్రభావం ఏకాగ్రత మీద పడొచ్చని తేల్చారు. 1999లో హెషాంగ్ మహోన్ గ్రూపు అనే అమెరికన్ సంస్థ మూడు అమెరికన్ బడి జిల్లాల్లో 21,000 మందికి పైగా విద్యార్థుల ఫలితాలు చూసింది. వాటిలో కాలిఫోర్నియాలోని కాపిస్ట్రానోలో, ఎక్కువ పగటి వెలుతురున్న గదుల పిల్లలు తక్కువ ఉన్న గదుల వాళ్లకంటే ఒక ఏడాదిలో లెక్కల్లో 20 శాతం, చదవడంలో 26 శాతం వేగంగా ముందుకెళ్లారని చెప్పింది. అదే బృందం 2003లో కాలిఫోర్నియాలోనే ఉన్న ఫ్రెస్నోలో మళ్లీ చూస్తే ఆ ఫలితం అలాగే రాలేదు. కిటికీలోంచి మంచి దృశ్యం కనిపించడం మేలు చేసిందని, కళ్లలో పడే మిరుమిట్లు చెరుపు చేశాయని మాత్రం తేలింది.

నాకు ఈ రెండో ఫలితమే ఎక్కువ ఉపయోగం. గదిలోకి ఎండ దూకిస్తే సరిపోదు. సమంగా పరుచుకున్న వెలుతురు, కంట్లో పొడవని వెలుతురు, చూడటానికి బయట ఏదో ఒకటి: ఈ మూడూ కావాలి.

ఒంటి సంగతి కూడా ఒక్కమాట. కంటిలో చూపుకోసం కాక, ఇది పగలా రాత్రా అని మెదడుకు చెప్పడానికే పనిచేసే కణాలు ఉన్నాయని 2002లో తేలింది. నిద్ర, మెలకువ, హార్మోన్ల గడియారం వాటి సంకేతం మీద నడుస్తాయి. ఆ సంకేతానికి అక్షరాలు చదవడానికి చాలేంత వెలుతురు చాలదు. పొద్దుట్నుంచి చీకటి గదిలో కూర్చున్న పిల్లాడికి ఆవులింతలు వస్తే అది బద్ధకం అనుకునే ముందు గది చూడాలి.

మొదటి అడుగు: కొలవండి

పరికరం లేకుండా చేసే పరీక్షతో మొదలుపెట్టండి. ప్రతి బెంచీ దగ్గర కూర్చుని, తల బల్ల ఎత్తుకు వంచి కిటికీ వైపు చూడండి. ఆకాశం ముక్కయినా కనిపిస్తోందా? కనిపించని ప్రతి చోటా నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. ఆ గుర్తులన్నీ కలిపితే ఒక గీత వస్తుంది. ఆ గీత అవతల కూర్చున్నవాళ్లకు నేరుగా ఆకాశపు వెలుతురు అందదు, గోడలకో కప్పుకో తగిలి వచ్చినదే అందుతుంది. గదిలో ఎవరికి అన్యాయం జరుగుతోందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

తర్వాత అంకెలు. వెలుతురు కొలతకు లక్స్ అనే ప్రమాణం వాడతారు. లక్స్ మీటర్ ఉంటే మంచిది, లేకపోతే ఫోన్ యాప్ కూడా పనికొస్తుంది. ఫోన్ చూపే అంకె కచ్చితమైనది కాకపోవచ్చు గానీ, ఒకే ఫోన్‌తో గదికీ గదికీ పోల్చడానికి చాలు. ఆకాశమంతా సమంగా మబ్బు పట్టిన రోజు ఎంచుకోండి. లైట్లన్నీ ఆపేయండి. కిటికీ పక్క బెంచీ, మధ్య బెంచీ, చివరి బెంచీ, నాలుగు మూలలు: ఒక్కో చోట మీటర్‌ను బల్ల మీద పడుకోబెట్టి, మీ నీడ పడకుండా పక్కకు జరిగి అంకె రాసుకోండి. లోపల కొలిచే ముందూ తర్వాతా ఆరుబయట, చెట్లూ గోడలూ అడ్డులేని చోట కొలిచి ఆ రెండింటి సగటు తీయండి.

లోపలి అంకెను బయటి అంకెతో భాగించి 100తో హెచ్చిస్తే వచ్చేదాన్ని డేలైట్ ఫ్యాక్టర్ అంటారు. బయట 8,000 లక్స్, చివరి బెంచీ మీద 40 లక్స్ అయితే అది 0.5 శాతం. కిటికీ పక్కన 320 వస్తే 4 శాతం. మామూలుగా గది సగటు 2 శాతం కన్నా తక్కువైతే పగలంతా లైట్లు వేయక తప్పదు, 5 శాతం దాటితే పగలు చాలాసేపు లైట్ల అవసరం ఉండదు. సగటు ఒక్కటే చూసి మోసపోకండి. పైన చెప్పిన గదిలో ముందు బెంచీకీ వెనక బెంచీకీ ఎనిమిది రెట్లు తేడా ఉంది.

ఇంకో కొలత చాలామంది వదిలేస్తారు. మీటర్‌ను కూర్చున్న పిల్లల కంటి ఎత్తులో, వాళ్లు చూసే దిక్కుకు నిలువుగా పట్టి కొలవండి. ఒంటి గడియారానికి లెక్కలోకి వచ్చేది కంటిలో పడే వెలుతురే. పగటిపూట కంటి దగ్గర కనీసం 250 మెలనోపిక్ లక్స్ ఉండాలని 2022లో నిద్ర, వెలుతురుల మీద పనిచేసే శాస్త్రవేత్తల బృందం ఒకటి సూచించింది. మెలనోపిక్ అంటే ఆ పగలూ రాత్రీ తెలిపే కణాల లెక్కలో కొలిచినది. మామూలు మీటర్ దాన్ని నేరుగా చూపదు. అయినా కంటి దగ్గర మామూలు లక్స్ వంద కూడా రాని గది ఆ గీతకు చాలా కింద ఉన్నట్టే.

రెండో అడుగు: ఉన్న వెలుతురును విడిపించండి

ఖర్చు లేని పని ఇదే, ఫలితం ఎక్కువ ఇచ్చేదీ ఇదే. కిటికీకి అడ్డంగా ఉన్న బీరువాలు, అద్దాల మీద అంటించిన చార్టులు, ఎప్పుడో వేసి మరిచిపోయిన రంగు, దుమ్ము పట్టిన దోమతెర, బయట పెరిగిన పొదలు అన్నీ చూడండి. ముఖ్యంగా కిటికీ పై సగం ఖాళీ చేయండి. గది లోతుకు వెళ్లే వెలుతురు పై భాగంలోంచే వస్తుంది, కింది భాగంలోంచి వచ్చేది కిటికీ దగ్గర నేల మీదే పడిపోతుంది. చార్టులు పెట్టుకోవాల్సిందే అయితే కిటికీలు లేని గోడకు మార్చండి.

అద్దాలు కడగడానికి ఒక తేదీ, ఒక మనిషి ఉండాలి. అలా రాసిపెట్టకపోతే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది.

కిటికీ ఎదురుగా పక్క భవనం గోడ ఉందా? ఆ గోడకు తెల్లరంగు వేయించగలిగితే అదే మీకు రెండో ఆకాశం. ఇరుకు సందులోకి తెరుచుకునే గదులకు ఇది చాలా పనిచేస్తుంది.

మూడో అడుగు: కప్పుకీ గోడలకీ రంగు

వెనక బెంచీకి చేరే వెలుతురు చాలావరకు కప్పుకూ గోడకూ తగిలి వచ్చినదే కాబట్టి, రంగు మారితే ఎక్కువ లాభపడేది వెనక కూర్చున్నవాళ్లే. కప్పు తెల్లగా ఉండాలి, తన మీద పడ్డ వెలుతురులో 80 శాతం దాకా తిరిగి పంపేంత తెలుపు. గోడలు లేత రంగులో ఉంటే చాలు. మురికి కనిపించకూడదని గోడల కింది సగానికి ముదురు ఆకుపచ్చో గోధుమరంగో వేసే అలవాటు ఉంటుంది. కడగడానికి వీలైన లేతరంగు పెయింటు వేస్తే ఆ అవసరమూ తీరుతుంది, వెలుతురూ మిగులుతుంది. నిగనిగలాడే పెయింటు మాత్రం వద్దు, దాని మీద లైటు ప్రతిబింబం కళ్లలో పడుతుంది. బోర్డు చుట్టూ ఉన్న గోడ మరీ తెల్లగా కాక కొంచెం తక్కువ లేతగా ఉంటే బోర్డు మీది రాత చదవడం తేలిక.

నాలుగో అడుగు: మిరుమిట్లు ఆపండి

చాలా బడుల్లో కిటికీలున్న గదులు కూడా చీకటిగా ఉండటానికి అసలు కారణం ఇక్కడుంది. ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి ఎండ నేరుగా ఒకమ్మాయి పుస్తకం మీద పడుతుంది. కర్టెన్ వేస్తారు. పది గంటలకు ఎండ జరిగిపోతుంది, కర్టెన్ అలాగే ఉండిపోతుంది. వారం తర్వాత అది అక్కడ ఉందన్న సంగతే మరిచిపోయి లైట్లు వేసుకుంటారు. కర్టెన్ వేసే అవసరమే రాకుండా ఎండను బయటే ఆపడం దీనికి మందు.

మధ్యాహ్నం ఎండ ఎత్తు నుంచి పడే దిక్కు (మన దగ్గర దక్షిణం) కిటికీలకు పైన అడ్డంగా సజ్జ సరిపోతుంది. తూర్పు, పడమర కిటికీలకు ఎండ వాలుగా వస్తుంది కాబట్టి అడ్డ సజ్జ దాన్ని ఆపలేదు, పక్కన నిలువుగా ఉండే పలకలు కావాలి, లేదా బయట చెట్టు. ఏదీ కుదరకపోతే కర్టెన్‌నే రెండు ముక్కలుగా చేయండి, పై సగం వేరు, కింది సగం వేరు. కింది సగం మూసినా పై సగం తెరిచి ఉంటుంది. ప్రొజెక్టర్ వాడే గదిలో బోర్డుకు దగ్గరున్న కిటికీ ఒక్కదానికి ముదురు కర్టెన్ చాలు, గదంతా చీకటి చేయనక్కర్లేదు.

లైట్ షెల్ఫ్ అనే ఏర్పాటు కూడా ఉంది. కిటికీలో పెద్దవాళ్ల తలకంటే ఎత్తులో అడ్డంగా ఒక తెల్లటి పలక పెడతారు. దాని పైన పడ్డ ఎండ కప్పుకు తగిలి లోపలికి పరుచుకుంటుంది, కింద ఉన్న ముందు బెంచీకి నీడ దొరుకుతుంది. ఎండ బాగా వచ్చే వైపే ఇది పెట్టాలి. మబ్బు రోజుల్లో దీనివల్ల వెనక బెంచీకి వెలుతురు పెరగదు.

బెంచీలు తిప్పడం

కిటికీ పిల్లల ఎడమ పక్కన ఉండేలా బెంచీలు వేయడం పాత పద్ధతి. కుడిచేత్తో రాసేవాళ్ల చేతి నీడ రాత మీద పడదు. ఎడమచేత్తో రాసే పిల్లలుంటే వాళ్లను రెండువైపులా వెలుతురు అందే చోట కూర్చోబెట్టండి. కిటికీ ఎదురుగా ముఖం పెట్టి మాత్రం ఎవరినీ కూర్చోబెట్టకండి, టీచరు కిటికీకి వీపు పెట్టి నిలబడి పాఠం చెప్పడమూ వద్దు. వెనక నుంచి వెలుతురు వస్తే ముఖం నల్లగా కనిపిస్తుంది, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునే పిల్లలకు పాఠమే పోతుంది.

ఐదో అడుగు: గోడ, కప్పు తెరవడం

ఇంతవరకూ చేసి మళ్లీ కొలవండి. వెనక బెంచీ ఇంకా 1 శాతం దగ్గరే ఉంటే, లేదా గదికి కిటికీయే లేకపోతే, అప్పుడు నిర్మాణం జోలికి వెళ్లాలి. ఇక్కడ ఒక్క షరతు: ఏ గోడ భవనం బరువు మోస్తోందో స్ట్రక్చరల్ ఇంజనీర్ చూసి రాతపూర్వకంగా చెప్పే దాకా సుత్తి పట్టకూడదు. స్తంభాలు, బీములు, స్లాబ్ లోపలి ఇనుము ఎవరూ ముట్టుకోకూడదు.

పక్క గోడకు కిటికీ పెడుతుంటే వెడల్పు కన్నా ఎత్తుకు ప్రాధాన్యం ఇవ్వండి. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో దానికి సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరం దాకా పనికొచ్చే వెలుతురు వెళుతుందని ఆర్కిటెక్టులు లెక్క వేసుకుంటారు. పై అంచు 2.1 మీటర్ల దగ్గర ఆగితే వెలుతురు 3 నుంచి 4 మీటర్ల దాకానే. దాన్ని 2.8 మీటర్లకు ఎత్తితే 4 నుంచి 5.5 మీటర్ల దాకా. మామూలు తరగతి గది లోతు 6 మీటర్ల చుట్టూ ఉంటుంది. అంటే ఒకవైపే కిటికీలుండి, అవీ తలుపు ఎత్తులోనే ఆగిపోతే వెనక వరుస చీకట్లో పడటం ఖాయం.

ఎదురు గోడలో పైన సన్నగా వెంటిలేటర్ వరుస తెరిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. ఆ గోడ వరండా వైపు ఉంటే ఇంకా తేలిక, వరండాలో వెలుతురున్నంత వరకు అది లోపలికి అరువుగా వస్తుంది. తలుపు పైభాగంలో అద్దం పెట్టడం కూడా ఇలాంటిదే. అగ్నిప్రమాద భద్రత నియమాలు వర్తించే వరండాలైతే మామూలు అద్దం పెట్టకూడదు, మంట తట్టుకునే రకమే పెట్టాలి. భద్రత కోసం కిటికీలు వద్దనేవాళ్లకు కూడా ఈ ఎత్తు కిటికీలే జవాబు. బయటివాళ్లు లోపలికి చూడలేరు, ఎక్కలేరు, వెలుతురు మాత్రం ఆగదు.

నాలుగువైపులా గదులే ఉన్న గదికి కప్పు ఒక్కటే దారి. పైన ఆకాశమంతా కనిపిస్తుంది కాబట్టి చిన్న తెరుపు కూడా పక్క కిటికీ కన్నా ఎక్కువ వెలుతురు ఇస్తుంది. అదే తెరుపు వేడినీ తెస్తుంది. అందుకే వేడి ప్రాంతాల్లో ఆకాశం వైపు అడ్డంగా తెరిచే అద్దం కన్నా, కప్పు మీద చిన్న గోడ లేపి, ఎండ తక్కువగా పడే దిక్కుకు నిలువుగా పెట్టిన అద్దం మేలు. కాంక్రీటు స్లాబ్ కింద గదికి లైట్ ట్యూబ్ అనే గొట్టం పెట్టవచ్చు. పైన పారదర్శకమైన బుడగ, లోపల అద్దంలా మెరిసే గొట్టం, కింద వెలుతురును పరిచే మూత ఉంటాయి. గొట్టం ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది, ప్రతి వంపు దగ్గరా వెలుతురు పోతుంది.

రేకుల కప్పుకు తక్కువ ఖర్చు దారి ఒకటుంది. బ్రెజిల్‌లో ఆల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో ప్లాస్టిక్ సీసాలో నీళ్లు, నాచు పట్టకుండా కొంచెం బ్లీచ్ పోసి, సగం పైకి సగం కిందికి ఉండేలా రేకులో బిగించాడు. ఎండ వేళ అది పాత బల్బులా గదంతా వెలిగిస్తుంది. వాన కారకుండా చుట్టూ సీలు వేయడంలోనే పనితనమంతా ఉంది. పాత ఆస్బెస్టాస్ రేకులకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ రంధ్రం పెట్టకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. పారదర్శకమైన రేకులు వేస్తే, కప్పు ఎక్కినవాళ్లు వాటి మీద అడుగేసి కింద పడకుండా కింద బలమైన జాలీ కట్టాలి.

బుర్కినా ఫాసోలోని గాండో ఊళ్లో ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కేరే బడి లైబ్రరీ కప్పులో ఊరివాళ్ల మట్టికుండలను అడుగు కోసి పెట్టి కాంక్రీటు పోయించాడు. ఆ గుండ్రటి రంధ్రాల్లోంచి వెలుతురు దిగుతుంది, వేడిగాలి పైకి పోతుంది. డబ్బు లేదన్న కారణంతో చీకటి గది కట్టక్కర్లేదని ఆ కప్పు చూస్తే అర్థమవుతుంది.

కరెంటు లైట్లు

పగటి వెలుతురు చాలని చోట లైట్లు తప్పవు. బల్లల మీద 300 నుంచి 500 లక్స్ రావాలి. కిటికీకి సమాంతరంగా ఒక్కో వరుసకు ఒక్కో స్విచ్ పెట్టించండి, అప్పుడు వెనక వరుస లైట్లు వేసి ముందువి ఆపుకోవచ్చు. బోర్డుకు విడిగా లైటు ఉండాలి. కొన్ని లైట్లు గోడలనూ కప్పునూ వెలిగిస్తే గది గుహలా అనిపించదు. లైటు అదురుతోందేమో ఫోన్ స్లో మోషన్ వీడియోతో చూడండి, పట్టీలు పట్టీలుగా కనిపిస్తే ఆ రకం మార్చండి. కిటికీ లేని గదికి కరెంటు పోయినా వెలిగే ఎమర్జెన్సీ లైటు తప్పనిసరి.

గాలి సంగతి కూడా ఇక్కడే. కిటికీ లేని గదిలో వెలుతురుతో పాటు గాలీ ఆడదు. కార్బన్ డయాక్సైడ్ మీటర్ 1,000 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వెయ్యి) దాటి చూపిస్తుంటే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పని చూడండి.

ఆరో అడుగు: గదులు మార్చండి, టైంటేబుల్ మార్చండి

డబ్బు అక్కర్లేని ఈ పనికే ఎక్కువ అడ్డంకులు వస్తాయి. బడి మొత్తం తిరిగి అన్నిటికన్నా వెలుతురున్న గదులు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి. ఆఫీసు, స్టాఫ్‌రూమ్, మీటింగ్ హాలు అయితే వాటిని తరగతులకు ఇవ్వాలి. చీకటి గదిని స్టోరుకు, ప్రొజెక్టర్ గదికి, సంగీతానికి వాడండి, ఎవరైనా గంటో రెండు గంటలో ఉండి వెళ్లే పనులకు. చిన్న తరగతులకు, చూపు తక్కువైన పిల్లలకు వెలుతురు గదులు ముందు దక్కాలి.

తరగతి నడపక తప్పని చీకటి గది ఉంటే ఒకే తరగతిని అక్కడ రోజంతా ఉంచకుండా పీరియడ్ల వారీగా మార్చండి. పొద్దున మొదటి పీరియడ్లు అక్కడ పెట్టకండి, ఒంటి గడియారానికి పొద్దుటి వెలుతురు ముఖ్యం. మధ్యలో విరామాలు ఆరుబయట గడవాలి. ఇలినాయ్‌లో 94 మంది హైస్కూల్ విద్యార్థులతో 2016లో వెలువడ్డ పరిశోధనలో, పచ్చదనం కనిపించే కిటికీ ఉన్న గదిలో విరామం గడిపినవాళ్లకు ఏకాగ్రత త్వరగా తిరిగొచ్చింది. కిటికీ లేని గదిలోనూ, భవనాలే కనిపించే కిటికీ ఉన్న గదిలోనూ ఆ మేలు కనిపించలేదు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో బడి రోజుకు 40 నిమిషాల ఆరుబయటి క్లాసు అదనంగా పెట్టి మూడేళ్లు చూస్తే, కొత్తగా దగ్గరి చూపు వచ్చిన పిల్లలు ఆ క్లాసు లేని బడుల్లో 39.5 శాతం, ఉన్న బడుల్లో 30.4 శాతం అని 2015లో ప్రచురించారు. చీకటి గదిలో చదివే తరగతికి ఆటల పీరియడ్ కోసి లెక్కల క్లాసు పెట్టడం ఎంత నష్టమో దీన్నిబట్టి ఊహించండి.

కొత్త భవనం ప్లాన్ మీ ముందుకొస్తే

సంతకం పెట్టే ముందు ఆర్కిటెక్టును కొన్ని అడగండి. ప్రతి తరగతికీ కనీసం రెండు వైపుల నుంచి వెలుతురు వస్తుందా? 1940లో ఇలినాయ్‌లో కట్టిన క్రో ఐలండ్ బడిలోనే ప్రతి తరగతికీ ఈ ఏర్పాటు ఉంది, అసాధ్యమేమీ కాదు. కిటికీ పై అంచు ఎత్తు ఎంత, గది లోతు ఎంత? తూర్పు పడమర కిటికీల ఎండను ఏది ఆపుతుంది? అద్దాలు కడగడానికి మనిషి అక్కడికి ఎలా చేరతాడు? పక్క స్థలంలో రేపు నాలుగంతస్తులు లేస్తే ఈ గదుల సంగతేమిటి? చివరగా, ఒక్కో గదిలో సగటుతో పాటు అతి తక్కువ వెలుతురుండే బెంచీ దగ్గర డేలైట్ ఫ్యాక్టర్ ఎంత వస్తుందో ప్లాన్ మీదే రాసి ఇమ్మనండి. భవనం చేతికొచ్చాక మొదటి మబ్బు రోజున అదే బెంచీ దగ్గర మీటర్ పెట్టి ఆ అంకెతో పోల్చండి. కాంట్రాక్టరుకు చివరి బిల్లు ఆ తర్వాతే చెల్లించేలా ఒప్పందంలో ముందే రాయించుకోండి.